రసీదు మీద ఒక మాట

రమజాను మాసానికి నెల రోజుల ముందు కొత్త రసీదు పుస్తకాలు అచ్చు వేయించడం మా మదర్సాలో ఆనవాయితీ. ఆ సంవత్సరం మామూలు పుస్తకాలతో పాటు మరొకటి అవసరమైంది. దాని మీద ఏమని రాయించాలన్న దగ్గర నా కలం ఆగిపోయింది.

అంతకు రెండు నెలల క్రితం మా హిఫ్జ్ విభాగపు ఉస్తాదు ఆత్మహత్య చేసుకున్నారు. పదకొండేళ్ళ పాటు మేమిద్దరం ఒకే వరండాలో, పక్క పక్క గదులలో పాఠాలు చెప్పాము. ఆయన వద్ద దివ్య ఖుర్ఆన్ కంఠస్థం చేసిన పిల్లలు నేడు ఎన్నో మస్జిదులలో తరావీహ్ నమాజు చేయిస్తున్నారు. అటువంటి మనిషి పోయిన నాడు ఊరిలో ముందుగా వినవచ్చిన ప్రశ్న ఆయన భార్యాబిడ్డల గురించి కాదు, జనాజా నమాజు చేయవచ్చునా అని.

ఆత్మహత్య చేసుకున్న ఒక వ్యక్తికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా జనాజా నమాజు చేయలేదని సహీహ్ ముస్లింలో ఉన్న మాట నిజమే. అది ఆ పాపపు తీవ్రతను ప్రజలకు తెలపడానికేనని, మిగిలినవారు నమాజు చేస్తారని ఇమామ్ నవవీ వివరించారు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫిఈల అభిప్రాయమూ నమాజు చేయాలనే. ఏటా నేను విద్యార్థులకు చెప్పే పాఠమే ఇది. అయినా ఆ రోజు మా వెనుక మూడు వరుసలు నిండలేదు.

కఫన్, దఫన్ ఖర్చుల తరువాత మృతుడు విడిచి వెళ్ళిన దానిలో మొదటి హక్కు అప్పుల వారిది. మా ఉస్తాదు విడిచి వెళ్ళినవి ఒక సైకిలు, కొన్ని కితాబులు. అప్పు మాత్రం లక్షా నలభై వేలు తేలింది. దానిని తీర్చడం, ఇద్దత్ గడువైన 4 నెలల 10 రోజులూ ఆయన ఇంటికి వెచ్చాలు పంపడం, ఏమైనా మిగిలితే ఆయన పేరిట సదఖయె జారియాగా నిలిచే పని ఒకటి చేయడం, మేము అనుకున్నది ఇంతే. జకాత్ సొమ్ము స్వీకరించేవారి సొంతం కావాలి గనుక హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మృతుని అప్పుకు దానిని వాడరాదు. అందుకని బేవాకు జకాత్ నుండి, అప్పుకు మామూలు సదఖా నుండి అని లెక్కలు వేరు చేశాము.

రసీదు మీద ఆయన పేరుకు ముందు 'మర్హూం' అని ఉండాలన్నాను. కరుణించబడినవాడు అని దాని అర్థం. కమిటీలో ఒకరు అభ్యంతరం తెలిపారు. "ఆయన కరుణించబడ్డారని మీకెలా తెలుసు?" అన్నారు. మా తండ్రిగారి పేరుకు ముందూ ఆ మాటే రాస్తున్నాను, అక్కడ మాత్రం నాకేమి తెలుసు? అది దుఆయే గాని ధ్రువపత్రం కాదు. చివరకు ఆ మాటతోనే అచ్చయింది.

ఆ పుస్తకం పట్టుకుని మొదట వెళ్ళింది మాకు ఏటా ధారాళంగా ఇచ్చే ఒక బట్టల వ్యాపారి వద్దకు. ఆయన రసీదు చదివి, మెల్లగా నా వైపు జరిపారు.

"మౌలానా సాబ్, నరకానికి పోయినవానికి పుణ్యం పంపుతారా?"

నేను ఆయనకు తుఫైల్ బిన్ అమ్ర్ దౌసీ (రజియల్లాహు అన్హు) వృత్తాంతం చెప్పాను. ఆయనతో పాటు మదీనాకు హిజ్రత్ చేసిన ఒక వ్యక్తి జబ్బుపడి, బాధకు తాళలేక తన చేతులను తానే గాయపరచుకుని మరణించాడు. తరువాత తుఫైల్ కలలో మంచి స్థితిలోనే కనిపించాడు గాని, చేతులు కప్పుకుని ఉన్నాడు. హిజ్రత్ కారణంగా అల్లాహ్ తనను క్షమించాడని, తాను పాడుచేసుకున్న దానిని మాత్రం బాగుచేయబోమని తనకు చెప్పబడిందని అన్నాడు. ఈ కల విన్న దైవప్రవక్త (స) ఆ చేతులను కూడా క్షమించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఇదీ సహీహ్ ముస్లింలోనిదే. పాపం చిన్నదని ఇందులో ఎక్కడా లేదు. అన్నిసా సూరాలోని 29వ ఆయత్ మనల్ని మనం చంపుకోవద్దని నిషేధించి, ఆ వెంటనే అల్లాహ్ మన పట్ల కరుణామయుడని గుర్తుచేస్తుంది.

హాజీ సాబ్ విన్నారు. ఆ రోజు ఏమీ ఇవ్వలేదు.

తిరిగి వస్తూ ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోయాను. ఉస్తాదు బ్రతికి ఉండగా నేను మాత్రం ఏమి చేశాను? నిద్ర పట్టడం లేదని, పిల్లలు సబక్ వినిపిస్తుంటే అక్షరాలు చెవికి అందడం లేదని ఆయన ఒకసారి కాదు, మూడుసార్లు నాతో చెప్పారు. తహజ్జుద్ చేయమని, దుఆలు నేర్పి పంపాను. అది తప్పుడు సలహా కాదు. కాని ఆయనకు జ్వరం వచ్చి ఉంటే దుఆతో పాటు ఆసుపత్రికీ తీసుకుపోయేవాడిని. శరీరానికి వలెనే మనసుకూ జబ్బులుంటాయని, రెంటికీ చికిత్స కావాలని హిజ్రీ మూడు, నాలుగు శతాబ్దాల నాటి అబూ జైద్ బల్ఖీ గ్రంథమే రాశారు. ఆ పేరు నేను విన్నది యాభై దాటాక.

అప్పు తీరగా మిగిలిన సొమ్ముతో బోరు వేయిద్దామని కొందరన్నారు. నేను పట్టుబట్టి, ఉపాధ్యాయులలో ఎవరికైనా మానసిక వైద్యం అవసరమైతే దారిఖర్చులకు, మందులకు దానిని కేటాయింపజేశాను. ప్రభుత్వ ఉచిత ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇప్పుడు మా వుజూఖానా గోడ మీద ఉంది. పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడవచ్చు. గోడ పాడైందని గొణిగినవారూ లేకపోలేదు.

రమజాను ఇరవై మూడో రోజున అస్ర్ తరువాత హాజీ సాబ్ నా గదికి వచ్చి కూర్చున్నారు. చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ ఉండిపోయారు.

"ఆ చేతుల కోసం దైవప్రవక్త దుఆ చేశారన్నారే, అది గట్టి హదీసేనా?" అని అడిగారు.

"సహీహ్ ముస్లింలోనిది, హాజీ సాబ్."

"మా తమ్ముడు పోయి ముప్పై ఒక్క సంవత్సరాలైంది. కలరా అని చెప్పుకున్నాము. వాని పేరిట ఇంతవరకు ఒక్క రూపాయి సదఖా చేయలేదు. అమ్మ చేస్తానంటే నేనే వద్దన్నాను."

రెండు రసీదులు రాయమన్నారు. మొదటిది మా ఉస్తాదు పేరిట. రెండవదానికి తమ్ముని పేరు చెప్పారు. ఆ పేరు పలకడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. నేను ముందు మర్హూం అని రాసి, తరువాత పేరు రాశాను.