మూడు రోజుల్లో అచ్చేస్తారట!

"ఒరేయ్, నాలుగున్నర వేలు కడితే మూడు రోజుల్లో పేపర్ అచ్చేస్తారట. కట్టేయనా?"

రాత్రి పదకొండింటికి గాజువాక నుంచి అక్క ఫోన్. కాలేజీలో పాఠాలు చెబుతూనే బిజినెస్ కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఫ్యాక్టరీల్లో భద్రతా సూచనలు కార్మికుడికి ఎంతవరకు చేరుతున్నాయన్నది తన టాపిక్. కూర్మన్నపాలెం టీ కొట్ల దగ్గర రెండేళ్లపాటు కాంట్రాక్టు కార్మికులతో మాట్లాడింది. బోర్డు మీద ఇంగ్లీషు, హిందీ. ప్రమాదం ముంచుకొస్తే నోట్లోంచి వచ్చేది తెలుగు. జూన్‌లోగా పేపర్ చూపిస్తేనే ఇంక్రిమెంట్.

"ఆగక్కా, చూసి చెప్తా" అన్నాను. ఫోన్ కొనేముందు చేసినట్టే ఎక్సెల్ షీట్ తెరిచాను. ఫీజు, టైమ్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఆ మెయిల్ పంపిన జర్నలే అన్నింట్లో ఫస్ట్! అనుమానం వచ్చి, ఎడిటర్‌గా పేరున్న ఒకాయన యూనివర్సిటీ పేజీ చూశాను. ఆయన సివిల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా ఉత్తిదే. అసలైనది క్లారివేట్ వాళ్ల జాబితాలో ఉండాలి, అందులో ఈ పేరే లేదు.

ఇది కొత్త కథేం కాదు. 2018లో యూజీసీ తన జాబితాలోంచి 4,305 జర్నళ్లను తీసేసింది. 2019లో హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒమిక్స్‌ను 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని అమెరికా కోర్టు ఆదేశించింది. యూజీసీ కేర్ లిస్టు కూడా 2025లో ఆగిపోయింది. ఇక మంచీచెడూ మనమే చూసుకోవాలి.

మర్నాడు అసలైనవి మూడు ముందు పెట్టాను. 'ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ బిజినెస్ కమ్యూనికేషన్'ది పని చోట మాటల మీద పరిశోధన. 'బిజినెస్ అండ్ ప్రొఫెషనల్ కమ్యూనికేషన్ క్వార్టర్లీ' క్లాసులో ఎలా నేర్పాలన్న వైపు మొగ్గుతుంది. 'ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ ప్రొఫెషనల్ కమ్యూనికేషన్' మా ఇంజినీర్లకు దగ్గర. మొదటి రెంటిలో ఓపెన్ యాక్సెస్ వద్దనుకుంటే ఫీజు లేదు. కానీ రివ్యూకి నెలలు పడుతుంది.

అక్క షీట్ అంతా చూసి ఒకటే అడిగింది. "వీటిలో నా పేపర్ ఎవరికి పనికొస్తుందిరా?"

నా షీట్‌లో ఆ కాలమే లేదు.

ఒక్కో జర్నల్‌లో ఈ మధ్య వచ్చిన వ్యాసాల సారాంశాలు కూర్చుని చదివాం. తన పేపర్ ఎవరితో మాట్లాడుతోందో అప్పుడు తెలిసింది. ఒక మంచి జర్నల్‌కి పంపింది. జూన్ వెళ్లిపోయింది, ఇంక్రిమెంటూ పోయింది. నాలుగు నెలలకి జవాబొచ్చింది: రిజెక్ట్.

ఓదారుద్దామని ఫోన్ చేస్తే అక్క గొంతులో ఏడుపు లేదు. "మూడు పేజీల కామెంట్లురా! ఎవరో చివరిదాకా చదివారు. ప్రమాదం జరిగినప్పుడు కార్మికులు వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇవ్వమన్నారు. నేనే వాటిని ఇంగ్లీషులోకి మార్చి నీరుగార్చేశాను."

ఈ ఆదివారం మళ్లీ కూర్మన్నపాలెం వెళ్తోంది. ఈసారి రికార్డర్‌తో. ఆ నాలుగున్నర వేలలో కొంత దానికే పెట్టింది.