గాయము కట్టే ప్రశ్నలు



ఎయిడ్స్ అనగానే మన సంఘములలో చాలామంది చెడు తిరుగుడునే తలుస్తారు. సూది సంగతి తలచేవారు తక్కువ. నర్సుగా పనిచేసిన నాకు ఇది ఆందోళన కలిగిస్తుంది.

మిజోరాం రాష్ట్రములో ఎక్కువమంది క్రైస్తవులే. అయినా 2023 ప్రభుత్వ అంచనా ప్రకారము పెద్దవారిలో హెచ్.ఐ.వి. శాతము దేశమంతటిలో అక్కడే ఎక్కువ, సుమారు 2.7. దేశము మొత్తము మీద అది 0.2 మాత్రమే. మత్తుమందు ఎక్కించుకొనేవారు ఒకే సూదిని పంచుకోవడం దీనికొక ముఖ్య కారణము. గుడికి వెళ్లే కుటుంబమైనంత మాత్రాన ఈ జబ్బు గడప దాటి రాదనుకోరాదు.

మత్తుకు లోబడిన యువకునికి ఎంత అపాయమున్నదో తెలియాలంటే కొన్ని ప్రశ్నలు అడగాలి. మందు మ్రింగుతున్నాడా, పొగగా పీలుస్తున్నాడా, సూదితో ఎక్కించుకుంటున్నాడా? ఇతరులు వాడిన సిరంజి వాడాడా? మందు కలిపే చెంచా, దూది, నీళ్లు పంచుకున్నాడా? వాటికి కూడ రక్తము అంటవచ్చు. ఆఖరిసారి ఎప్పుడు? వైరస్ సోకిన వెంటనే పరీక్షలో కనబడకపోవచ్చు గనుక మూడు నెలలకు మరల పరీక్ష చేయాలి. పెండ్లి అయినదా?

అడిగేవారి ముఖములో అసహ్యము కనబడితే అతడు అన్నిటికీ "లేదు" అంటాడు. అప్పుడు పరీక్ష ఉండదు, మందు ఉండదు. సూదిని ఎన్నడూ ముట్టని భార్యకు, ఆమె గర్భములోని బిడ్డకు ఆ అబద్ధము శిక్ష అవుతుంది.

క్రొత్త సూదులు ఉచితముగా ఇవ్వడం పాపమును ప్రోత్సహించడమే కదా అని కొందరు విశ్వాసులు అంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కాని మారుమనస్సు పొందాలంటే మనిషి ముందు బ్రతికి ఉండాలి. అపాయమును తగ్గించే ఇట్టి సేవ నేరము కాదని 2017 నాటి చట్టము కూడ చెప్పుచున్నది. మంచి సమరయుడు దారిలో పడియున్నవానిని, నీవీ దారిన ఎందుకు వచ్చావని నిలదీయలేదు; గాయములు కట్టి, పూటకూళ్లవానికి సొమ్ము కూడ చెల్లించాడు.

ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష ఉచితము, ఫలితము గోప్యము. 2004 నుండి మందులూ ఉచితమే. మానక వాడితే దీర్ఘకాలము బ్రతకవచ్చు. 1097 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు.

కాపరులారా, తల్లిదండ్రులారా, మన బిడ్డ నిజము చెప్పగలిగేంత మెత్తని మనస్సును ప్రభువు మనకు అనుగ్రహించును గాక.