ధరూర్ నుంచి కళాశాలకు దారి

కృష్ణానది తెలంగాణలో ప్రవేశించాక దానిపై కనిపించే మొదటి పెద్ద ఆనకట్ట ప్రియదర్శిని జూరాల. అది ధరూర్ మండలంలోని రేవులపల్లి వద్ద ఉంది. వరద కాలంలో గేట్లు ఎత్తారని తెలిస్తే దూరప్రాంతాల నుంచి కూడా జనం తరలివస్తారు. మిగిలిన రోజుల్లో ఇది పొలం పనుల్లో మునిగిన ప్రశాంతమైన పల్లెసీమ. గద్వాల ప్రాంతం విత్తన పత్తికి పేరుపొందింది. పూతకాలంలో ఒక్కొక్క పువ్వుకూ చేతితో పరాగసంపర్కం చేసే ఆ పని ఎందరో ఆడపిల్లల బడి రోజులను మింగేసింది. 2011 జనగణన ప్రకారం నేటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యులు సగం మంది కూడా లేరు. ఇటువంటి చోట ఒక ముస్లిం కుటుంబపు అమ్మాయి ఇంటర్మీడియెట్ పూర్తి చేసిందంటే అది చిన్న విషయం కాదు. అయితే ఆ సంతోషం వెంటే ఇంట్లో ఒక ప్రశ్న తలెత్తుతుంది: కాలేజీ సరే, అక్కడి వాతావరణం ఎలా ఉంటుంది?

ప్రశ్న న్యాయమైనదే. ఫ్రెషర్స్ డే పేరిట చెవులు చిల్లులుపడే డీజే, అర్ధరాత్రి పుట్టినరోజు కేకులు, వాటికి రానివారిని వెలివేసినట్లు చూసే స్నేహబృందాలు — ఇవేవీ అక్కర్లేని పిల్లలు అన్ని మతాలలోనూ ఉన్నారు. నెమ్మదిగా చదువుకోవాలనుకోవడం వెనుకబాటుతనం కాదు. ఆ నెమ్మది ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు సంగతి.

అందరికంటే దగ్గరిది గద్వాల. సోమనాద్రి పేరుతో ముడిపడిన కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట వెలసిన ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. ఒకప్పుడు సంస్థానాధీశులు తిరిగిన ఆవరణలో నేడు రైతుల, నేత కార్మికుల పిల్లలు పుస్తకాలతో తిరుగుతారు. ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరే విద్యార్థికి రాత్రి విందుల బెడద ఉండదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం కనుక ఛార్జీల సాకు కూడా తొలగిపోయింది. దగ్గరున్న ప్రభుత్వ కళాశాలను చిన్నచూపు చూసి, అప్పుచేసి నగరానికి పరుగెత్తడం మన కుటుంబాలలో పెరుగుతున్న వింత అలవాటు.

సాంకేతిక విద్య కావాలంటే వనపర్తి ఉంది. అక్కడ రాజుగారి ప్రాసాదమే 1959 నుంచి పాలిటెక్నిక్. మన సీమలో కోటలూ మహళ్లూ పాఠశాలలయ్యాయి, అల్‌హందులిల్లాహ్! మహిళా కళాశాలే కావాలనుకుంటే మహబూబ్‌నగర్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది. దక్షిణానికి వెళితే తుంగభద్ర అవతల కర్నూలు. అక్కడ డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో స్థాపించిన ఉస్మానియా కళాశాల తరతరాల ముస్లిం విద్యార్థులకు నీడనిచ్చింది. 2014 తరువాత అది వేరే రాష్ట్రం కాబట్టి స్థానికత, స్కాలర్‌షిప్ నియమాలు ముందుగానే కనుక్కోవాలి.

ఇక హైదరాబాదు. కోఠి బజారు రద్దీని చూసిన తండ్రి అక్కడ ప్రశాంతత ఉంటుందని ఊహించలేడు. కానీ ఆ రద్దీ మధ్యనే, ఒకనాటి బ్రిటిష్ రెసిడెన్సీ ప్రాంగణంలో, 1924లో పుట్టిన మహిళా కళాశాల ఉంది. 2022లో అది విశ్వవిద్యాలయమై, నేడు చాకలి ఐలమ్మ పేరు ధరించింది. గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం చుట్టూ ఐటీ సంస్థల అద్దాల మేడలు లేచాయి. గోడ లోపల మాత్రం చెట్ల నీడ, ఉర్దూ పలుకు. అయితే అక్కడ చేరడానికి ఉర్దూ చదివి ఉండాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు మాత్రమే చదివిన మన పిల్లలకు ఆ తలుపు సులభంగా తెరుచుకోదు. ఈ సంగతి ఇంటర్ అయ్యాక కాదు, ఆరో తరగతిలోనే ఆలోచించవలసింది.

కళాశాల తరగతులు సాయంత్రానికి ముగుస్తాయి. విద్యార్థి జీవితం ఎలా ఉంటుందో నిర్ణయించేది ఆ తరువాతి సమయం. నగరంలో చాలామంది ఉండేది కళాశాల హాస్టల్‌లో కాదు, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల అద్దె హాస్టళ్లలో. కళాశాల ఎంత నెమ్మదైనదైనా గది పంచుకునే నలుగురు అలాంటివారు కాకపోతే ప్రయోజనం లేదు. అందుచేత కళాశాల కంటే ముందు బసను చూడాలి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ విచారణ అంతా కూతురి విషయంలోనే జరుగుతుంది. కొడుకును మాత్రం సీటు వచ్చిన చోటికి, దొరికిన గదికి, ఏమీ అడగకుండానే పంపిస్తాము. సూరహ్ నూర్‌లో చూపులను అదుపులో ఉంచుకోవాలన్న ఆదేశం ముందుగా విశ్వాసులైన పురుషులకు వచ్చింది (24:30), ఆ తరువాతి ఆయతులో స్త్రీలకు. మన ఇళ్లలో వరుస తారుమారైంది. అంతకంటే బాధాకరమైనది, "మంచి వాతావరణం దొరకలేదు" అన్న మాట కూతురి చదువు మాన్పించడానికి మర్యాదైన సాకుగా మారడం. గద్వాల, వనపర్తి, మహబూబ్‌నగర్ కళ్లముందుండగా ఆ మాటకు బలం ఎక్కడిది?

చూడబోయేవారు పగలు వెళ్లి భవనాలు చూసి రావడం కంటే మగ్రిబ్ తరువాత హాస్టల్ ద్వారం దగ్గర కాసేపు నిలబడటం మేలు. వార్డెన్ అక్కడే ఉంటారా, తలుపులు ఎన్నింటికి వేస్తారు, నమాజుకు ఒక మూల దొరుకుతుందా, వేడుకలకు రానని చెప్పిన విద్యార్థిని ఎవరైనా వేధిస్తారా అని రెండో సంవత్సరం పిల్లలనే అడగాలి. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ 2009లో చేసిన నిబంధనల ప్రకారం విద్యార్థితో పాటు తల్లిదండ్రులు కూడా ఏటా హామీపత్రం ఇవ్వాలి. చాలామంది దానిని చదవకుండానే సంతకం చేస్తారు. చదివించుకోండి. ఫిర్యాదుల కోసం దేశమంతటికీ ఉచిత ఫోన్ నంబరు ఉంది: 1800-180-5522. దానిని అమ్మాయి పుస్తకంలోనూ, అబ్బాయి పుస్తకంలోనూ రాసి పంపండి.