మసకబారిన అద్దము

జూలై నెల ముసురు. ఫిల్మ్ నగర్ బస్తీలో ఒక విశ్వాసి ఇంట కుటుంబ కూడిక ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటినది. ఆ ఇంటివారు ప్రేమతో పెట్టిన వేడి ఉప్మా తిని బయలుదేరాము. మేము, మా శ్రీమతి, అత్తగారు, ఇద్దరు పిల్లలు, వీరితోపాటు తడిసిన మూడు గొడుగులు, అందరము మా పాత చిన్న కారులో సర్దుకున్నాము. జల్లు లోపల పడకుండ అద్దాలన్నీ పైకి ఎత్తాము. పెట్రోలు ఆదా అవుతుందని ఏసీ వేయలేదు. ఏసీ వేయకపోవుటను మేము చాలకాలముగా ఒక సద్గుణముగా భావించేవారము.

ఫిల్మ్ నగర్ గుట్టల మీద వెలసిన ప్రాంతము. ఎక్కడ చూచినా ఎత్తులు, పల్లాలు, మలుపులు. రామానాయుడు స్టూడియో ప్రాంతము దాటి వచ్చుచుండగా ముందు అద్దము పాలు పోసినట్టు తెల్లబడినది. వైపరు గబగబ తిరుగుతూనే ఉన్నది గాని ప్రయోజనము లేదు. అరచేతితో తుడిచాము. రెండు నిమిషాలలో మళ్లీ అదే మసక. ఎదుటి బండి లైటు పడేసరికి అద్దమంతా ఒక్క వెలుగు ముద్ద అయినది. ‘ఇంకొంచెము దూరమే గదా, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చేరితే వీధి దీపాలుంటాయి’ అనుకొని ఆపకుండ పోనిచ్చాము.

“ఏమండీ, ఆపండి!” అని మా శ్రీమతి కేక వేసినది. బ్రేకు తొక్కాము. కారు కొంచెము జారి ఆగినది. బానెట్టుకు జానెడు దూరములో ఒక యువకుడు సైకిలు నెట్టుకుంటూ నిలబడిపోయాడు. తలమీద ప్లాస్టిక్ పట్టా కప్పుకున్నాడు. షూటింగు ముగించుకొని కృష్ణానగర్‌లోని గదికి పోతున్న సెట్టు పనివాడట. అతడు తిట్టలేదు. “కనబడలేదా సార్?” అని మాత్రము అడిగి, సైకిలు పక్కకు తిప్పుకొని వెళ్లిపోయాడు.

మా వద్ద జవాబు లేదు. కనబడని మాట నిజమే. కాని కనబడుట లేదని తెలిసి తెలిసి నడిపాము గదా! ఆ రాత్రి మేమిద్దరము నిద్రపోలేదు.

మరునాడు మా సంఘములోని ఒక సహోదరునికి ఈ సంగతి చెప్పాము. ఆయన సినిమా యూనిట్ల కార్లు నడుపుతాడు. “అయ్యగారూ, అది వాననీరు కాదు. మీ అందరి ఊపిరే. వైపరు బయట తుడుస్తుంది, మసకేమో లోపల ఉంది. ఎట్లా పోతుంది?” అన్నాడు. 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ అను స్త్రీ వైపరుకు పేటెంటు పొందినది. అది నేటికీ ఎందరినో కాపాడుతున్నది గాని, లోపలి తడికి అది మందు కాదు.

ప్రియ పాఠకులారా, ఫ్రిజ్‌లోనుండి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టుట మీరు చూచియుంటారు. ఆ నీరు సీసాలోనుండి కారినది కాదు, గాలిలోని ఆవిరి చల్లని సీసాకు తగిలి బొట్లుగా మారినది. కారులో జరిగేదీ ఇదే. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే సుమారు 17 గ్రాములే మోయగలదు. మిగిలినది ఎక్కడికి పోవాలి? వానకు చల్లబడిన అద్దము మీదకే. ఐదుగురి ఊపిరి, తడి బట్టలు, గొడుగులు, కాళ్లకింది తడి మ్యాట్లు, అన్నీ కలిసి మాకు తెర కట్టినవి.

“మరి ఏసీ చల్లన గదా, దానివల్ల మసక ఎక్కువ కాదా?” అని మా శ్రీమతి అడిగినది. ఆ సహోదరుడు నవ్వి, “అమ్మగారూ, ఆగి ఉన్న కారు కింద నీళ్లు కారడం చూళ్లేదా? అది ఏసీ పిండిన నీరే” అన్నాడు. ఏసీలోని చల్లని గొట్టాలకు తగిలి గాలిలోని తడి నీరై కిందికి పోతుంది. పొడిగాలి అద్దమును తుడుస్తుంది. అందుకే గాలిని ముందు అద్దము వైపు తిప్పి, ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చునట్లు మీట పెట్టాలి. లోపలి గాలినే తిప్పుతూ ఏసీ ఆపివేస్తే మసక మరింత పెరుగుతుంది. వాన గాలి లోపలికి వస్తే తడి పెరుగుతుందేమోనని భయపడనక్కరలేదు. బయటి గాలి చల్లన గనుక దానిలో ఉన్న ఆవిరి, ఐదుగురు కూర్చున్న కారులో ఉన్నదానికంటె తక్కువే.

ఏసీ లేనివారు రెండు వైపులా అద్దాలను రెండు వ్రేళ్ల మందము దించాలి. భుజము కొంచెము తడుస్తుంది, పరవాలేదు. వెనుక అద్దములో సన్నని గీతలున్న కార్లకు దాని మీట వేరే ఉంటుంది. అది వేస్తే ఆ తీగెలు వేడెక్కి మసక విడిపోతుంది.

ఒక్కొక్కసారి మసక బయటి వైపున పడుతుంది. ఏసీ మరీ చల్లగా పెట్టి ఆ గాలి అద్దానికి తగిలేటట్లు చేస్తే, బయటి తడిగాలి అద్దము మీద నీరవుతుంది. వ్రేలితో లోపల గీసి చూడండి. గీత పడితే మసక లోపలిది. పడకపోతే బయటిది, అప్పుడు వైపరు వేసి చలి తగ్గించండి.

మా కారులో ఇంకొక దోషము బయటపడినది. ముందు సీటు కింద కార్పెట్టు ఎప్పుడూ చెమ్మగా ఉండేది. మెకానిక్కు చూచి, ఏసీ నీరు పోయే గొట్టము మట్టితో పూడినదని చెప్పి శుభ్రము చేశాడు. కార్పెట్టును రెండు రోజులు ఎండబెట్టాము. అద్దము లోపలి వైపు చేతి జిడ్డు, దుమ్ము ఉంటే తడి త్వరగా పట్టుకుంటుంది గనుక, శుభ్రమైన నూలు గుడ్డతో వారమునకొకసారి తుడుస్తున్నాము. సబ్బు పలుచగా రాసి ఆరిన తరువాత తుడిస్తే బొట్లు కట్టవని ఆ సహోదరుడు చెప్పాడు. నిజమే గాని, చారలు మిగిలితే రాత్రి లైట్లకు కళ్లు చెదురుతాయి. ముందు అద్దమునకు మేము రాయము.

అన్నిటికంటె ముఖ్యమైన మాట: కనబడనప్పుడు నడపకూడదు. పక్కకు తీసి, లైట్లు వేసి, అద్దము తేటపడే వరకు ఆగాలి. ఆ పది నిమిషాల ఏసీకి పట్టే పెట్రోలు ఒక కప్పు టీ ఖర్చుకు మించదు. ఆ కొద్ది సొమ్ము కొరకు మేము ఒక తల్లి బిడ్డను ప్రమాదములో పెట్టాము.

ఆ రాత్రి మేము వానను నిందించాము, దారిని నిందించాము. మా ఎదుటి తెర మా సొంత ఊపిరితోనే అల్లుకున్నదని తరువాత గాని తెలియలేదు. ఇప్పుడు వాన రాత్రి బయలుదేరేముందు గొడుగులు డిక్కీలోకి పోతాయి. మా చిన్నమ్మాయి అద్దము చూచి, “నాన్నా, ఇప్పుడు పోవచ్చు” అనేదాక బండి కదలదు.

ఆ యువకుని పేరు మేము అడుగలేదు. మళ్లీ అతడు కనబడలేదు. ఆ మలుపు వచ్చినప్పుడెల్లా వేగము తగ్గించి, రోడ్డు అంచును ఒకసారి చూచి సాగుతున్నాము.