ఫెయిరు

ఇరువది యేండ్లుగా పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకొని బ్రదుకుచున్నాము. చిన్ననాడు సంస్కృతము చదివినవారము గనుక, ఏ మాట కనబడినను దాని పుట్టుక యెట్టిది, దాని కర్థము లెన్ని యని వెదకుట మాకు వ్యసనమైనది. పెద్ద మాటలు మమ్మెన్నడు నంతగా శ్రమపెట్టలేదు. వానికి అర్థ మొక్కటియే. నిఘంటువు తెరచిన దొరకును. చిన్న మాటలే తిప్పలు పెట్టును. అట్టివానిలో 'ఫెయిరు' ఒకటి. ఆ మాట మాకు నేర్పిన పాఠమును చదువరులకు విన్నవింతుము.

మా తరగతిలో ప్రతి పిల్లవానికి రెండేసి పుస్తకము లుండును. ఒకటి రఫ్ పుస్తకము, రెండవది ఫెయిర్ పుస్తకము. కొట్టివేతలు, సిరా మరకలు మొదటిదానిలో; తప్పులు దిద్దుకొని కుదురుగా వ్రాసినది రెండవదానిలో. ఇచ్చట ఫెయి రనగా శుద్ధప్రతి. ఆ శుద్ధప్రతి నడిమిరకముగా నున్నచో మేము దాని యడుగున 'ఫెయిర్' అని వ్రాయుదుము. ఇచ్చట దాని కర్థము 'ఫరవాలేదు' అని మాత్రమే. ఆటస్థలమున నొకడు కాలడ్డము పెట్టి రెండవవానిని పడగొట్టినచో, పడినవాడు 'ఇది ఫెయిర్ కాదండీ' అని మాయొద్దకు పరుగెత్తివచ్చును. ఇచ్చట న్యాయము. పాఠములోని రాజకుమార్తె ఫెయిరు, అనగా సుందరి. ఆకాశము ఫెయిరు, అనగా మబ్బులేనిది. ఓడకు గాలి ఫెయిరు; అనగా అనుకూలము. పశువుల సంతయు ఫెయిరే.

ఒకనాడు వెనుక బల్లమీది పిల్లవాడు లేచి, 'మాస్టారూ, ఒక్క మాటకు ఇన్ని పనులెందుకండీ? వాళ్లకు వేరే మాటలు దొరకలేదా?' అని యడిగెను. 'పాలిచ్చే ఆవూ పాడే, న్యాయమూ పాడే అంటున్నాం కదరా మనం' అని వాని నూరడించితిమి. వాడు కూర్చుండెను గాని, ప్రశ్న మాతో ఇంటికి వచ్చినది.

వెదకగా సంతకు జెందిన ఫెయిరు వేరు గోత్రమని తెలిసినది. అది లాటిన్ భాషలో సెలవుదినమును దెలుపు ఫేరియా అను మాటనుండి వచ్చినది. రూపము మాత్రమే యొకటి. తక్కినవన్నియు నొక్క తల్లి బిడ్డలు. ప్రాచీనాంగ్లములో నా తల్లిమాటకు అందమైనదని యర్థము. దాని జ్ఞాతి యగు గోథిక్ మాటకు 'తగినది' యని యర్థము. తగినది అందమైనది, అందమైనది మచ్చలేనిది, మచ్చలేని యాకాశము, మచ్చలేని ప్రతి, మచ్చలేని నడవడి. ఈ దారిని బోయి యా మాట న్యాయమును జేరినది. జర్మనులు దీనిని తమ భాషలోనికి ఎరువు తెచ్చుకొనిరి. 1971లో అమెరికా తత్త్వవేత్త జాన్ రాల్స్ న్యాయమును గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించి, న్యాయమనగా నేమి యను ప్రశ్నకు ఈ చిన్న మాటతోనే బదులు చెప్పెను. తాను ఏ యింట, ఏ స్థితిలో, ఏ శక్తులతో పుట్టబోవునో యెరుగని మనుష్యుడు ఏ కట్టుబాటునకు సమ్మతించునో యదియే న్యాయమని యాయన పెట్టిన పరీక్ష.

కాని యా మాట మరియొక దారిని గూడ బోయినది. తెల్లని మేనులు గలవారి దేశము గనుక, అందమైన మేనికి తెల్లని మే నను నర్థము వచ్చి చేరినది. 1609లో అచ్చయిన షేక్‌స్పియరు పద్యములలో కొన్ని నల్లకన్నుల స్త్రీని గూర్చినవి. వానిలో నాయన ఈ రెండర్థములతోను చెలగాట మాడెను. అందమును తెలుపును ఒకే గూటిలో నుండుట యాయన కంటికిని నలుసైనది కాబోలు.

ఇంతవరకు మేము గురువులము. ఇక శిష్యులమైన కథ.

మా అక్కగారికి ఒక్కతే కూతురు. రసాయనశాస్త్రమున ఎమ్మెస్సీ చదివి ఉద్యోగము చేయుచున్నది. చామనఛాయ, తండ్రి పోలిక. పోయిన వేసవిలో అక్కగారు వచ్చి, 'తమ్ముడూ, పిల్ల సంబంధం కోసం ఇంగ్లీషు పేపర్లో ప్రకటన వేయాలి. ఆ నాలుగు ముక్కలూ నువ్వే రాసిపెట్టు' అనిరి. వయస్సు, ఎత్తు, చదువు, ఉద్యోగము వ్రాసితిమి. ఆ వెంటనే 'ఫెయిర్' అను మాట పడినది. పడినదనుట తగదు, మేమే వ్రాసితిమి. కట్నము కూడదు, రంగుల పట్టింపు కూడదు అని సభలలో పలుమారు పలికిన నోరు మాదే. వ్రాసిన చేయియు మాదే. ఆ మాట లేనిదే ఉత్తరములు రావనియు, వచ్చి చూచినవారు పిల్ల గుణమును మెచ్చుకొందురనియు మనస్సునకు సమాధానము చెప్పుకొంటిమి.

అమ్మాయి ఆ కాగితము చదివి కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, 'మామయ్యా, ఈ మాటకు చాలా అర్థాలున్నాయని చిన్నప్పుడు మీరే చెప్పారు. ఇక్కడ ఏ అర్థంలో రాశారు?' అని యడిగెను.

'అందమైనది అనే అర్థంలోనమ్మా' అని తడబడితిమి.

'చదివేవాళ్లు ఆ అర్థమే తీసుకుంటారా?'

మాయొద్ద బదులు లేదు.

'వాళ్లు పెళ్లిచూపులకు వస్తారు. నన్ను చూసి, రాసింది అబద్ధమని లేచిపోతారు. అబద్ధం మీది, అవమానం నాది. ఇది ఫెయిరేనా మామయ్యా?'

ఇన్నియేండ్లు మేము తరగతిలో అప్పగించిన యర్థములన్నియు నాడు మమ్మే ప్రశ్నించినట్లు తోచినది.

ఈ దోషమును ఇంగ్లీషువారి నెత్తిన రుద్దుట సులభము. అట్లు చేయుట మరల నన్యాయమే. 'ఎర్రగా బుర్రగా' నుండు కోడలిని వెదకు ముసలమ్మలు ఇంగ్లీషు చదివినవారు కారు. మన వర్ణమను మాటలో రంగును కులమును రెండును గలవు. 1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ అను లేపనము మన దేశమున వెలసి ఊరూరికి చేరెను. 2020లో దాని పేరులోని ఫెయిరు పోయి గ్లో వచ్చినది. డబ్బీమీది మాట మారినది; పెండ్లిచూపులలోని చూపు మారినదా? వ్యాసుడు నల్లనివాడై కృష్ణద్వైపాయను డనిపించుకొనెను. ద్రౌపది తన నలుపుచేతనే కృష్ణ యయ్యెను. రాముని నీలమేఘశ్యాముడని నిత్యము కీర్తింతుము. నల్లపిల్లను 'నలుపు నారాయణ మెచ్చు' నని యోదార్తుము. నారాయణుడు మెచ్చినదానిని మన యబ్బాయి యేల మెచ్చడని మాత్రము అడుగము. దేవుని గదిలో నలుపునకు హారతి. ముందు గదిలో తిరస్కారము.

ఆ రాత్రి ఫెయిరునకు తెలుగున సాటిమాట యేదియని యాలోచించితిమి. న్యాయ మన్నచో అందము రాదు. అంద మన్నచో న్యాయము రాదు. తుదకు మన యింటి మాటయే యొకటి తోచినది: ఒప్పు. తప్పొప్పులలో నది సరియైనది. 'ఒప్పుచున్నది' యన్న శోభించుచున్నదని యర్థము. ఒప్పిదమనగా అందము. ముద్దువచ్చు ఆడపిల్లను ఒప్పులకుప్ప యందుము. ఒప్పుకొనుట యనగా సమ్మతించుట. అందము, న్యాయము, సమ్మతి మూడును ఇందు గలవు. రంగు మాత్రము లేదు. పెండ్లికి ఇంతకంటె కావలసిన దేమి?

మరునాడు ఆ మాట కొట్టివేసి ప్రకటన తిరుగ వ్రాసితిమి. 'రంగు రాయకపోతే నల్లపిల్ల అనుకుంటారు' అని అక్కగారు నొచ్చుకొనిరి. 'అనుకోనీ అమ్మా, నిజమే కదా' అని అమ్మాయి నవ్వెను. ఉత్తరములు కొద్దిగనే వచ్చినవి. వానిలో రెండు రంగును గూర్చియే యడిగినవి. వానికి అమ్మాయియే సూటిగా బదులు వ్రాసెను. సంబంధ మింకను కుదురలేదు. ఆమె తొందరపడుట లేదు, అక్కగారు పడుచున్నారు.

చదువరులారా, మీ యింటను ఒకనాడు ఇట్టి కాగితము వ్రాయవలసి రావచ్చును. నాడు ఈ మాట మీ కలము చివర నిలిచినచో, ఒక్క క్షణ మాగి, ఏ యర్థమున వ్రాయుచున్నారో ఆ పిల్ల యెదుట చెప్పగలరా యని చూచుకొనుడు. చెప్పలేనిచో కొట్టివేయుడు. మేము రఫ్ పుస్తకమున చేసిన తప్పును మా మేనకోడలు దిద్దినది. ఇది శుద్ధప్రతి.