శ్రేఢులును, వాని గుఱుతులును

ప్రతి సంవత్సరమును గణితపాఠములలో నొక దినము వచ్చును. ఆ దినమున నల్లబల్లపై రెండు క్రొత్త గుఱుతులు కనబడును. ఒకటి సంఖ్య ప్రక్కన నిలిచిన ఆశ్చర్యార్థక చిహ్నము. రెండవది గ్రీకు భాషలోని సిగ్మా యను పెద్ద యక్షరము. అంతవఱకు కూడికలును గుణకారములును చక్కగా చేయుచున్న పిల్లలలో గొందఱు ఆ దినమున కలము క్రింద పెట్టుదురు. "ఇది నాకు రాదు" అని తమలో తాము నిశ్చయించుకొందురు. ఆ నిశ్చయము వారితోడనే యింటికి బోవును. కొన్నాళ్లకు తండ్రియో తల్లియో పాఠశాలకు వచ్చి, "అయ్యా, మా బిడ్డకు లెక్కలు అబ్బవు, ఇక లెక్కలు లేని చదువేదైన చెప్పించెదము" అందురు. ఇరువదేండ్లకు పైగా ఈ వృత్తిలోనుండి నేనీ మాటను వినుచున్నాను. కావున ఆ రెండు గుఱుతులను గూర్చియు, వానికి మూలమైన శ్రేఢులను గూర్చియు ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయ దలచితిని. గుఱుతనగా, శ్రమ చేసినవాడు తన శ్రమను మడిచి కట్టుకొన్న చిన్న మూట. మూటలో నేమున్నదో యెఱిగినవానికి దానివలన భయము లేదు. ఇదియే నా మనవి.

ఒక నియమము ననుసరించి వరుసగా వచ్చు సంఖ్యలకు అనుక్రమమని పేరు. వానిలో నొక్కొక్కదానిని పదమందురు. 3, 7, 11, 15 అను వరుసలో ప్రతి పదమునకు 4 కలిపినచో తరువాతి పదము వచ్చును, ఇట్టిది అంకశ్రేఢి. 3, 6, 12, 24 అను వరుసలో ప్రతి పదమును 2చే గుణించినచో తరువాతి పదము వచ్చును, ఇట్టిది గుణశ్రేఢి. మన పూర్వులు అంకశ్రేఢిలో మొదటి పదమును ఆది యనియు, కలుపబడు సంఖ్యను చయమనియు, పదములెన్నియో తెలుపు సంఖ్యను గచ్ఛమనియు పిలిచిరి. క్రీ. శ. 499 ప్రాంతమున వెలసిన ఆర్యభటీయమున శ్రేఢి మొత్తమును కనుగొను మార్గము చెప్పబడినది. వర్గముల మొత్తమునకును, ఘనముల మొత్తమునకును గూడ సూత్రము లందు గలవు. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో శ్రేఢీవ్యవహారమను ప్రత్యేక ప్రకరణమే యున్నది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగు చేసెను. కావున ఈ విషయము మన భాషకు నిన్న మొన్న వచ్చిన యతిథి కాదు.

ఇక కూడిక మాట. కుమ్మరి తన ముంగిట కుండలను పేర్చినాడనుకొందము. అడుగు వరుసలో 12, దానిపై 11, ఆపై 10, ఇట్లు తగ్గుచు కొనవఱకు పోయి, శిఖరమున 1 కుండ నిలిచినది. మొత్తము కుండ లెన్ని? నా తరగతిలో మొట్టమొదట ఈ లెక్కను వ్రేళ్లమీదనే చేయవలెను. 12, 23, 33, 42 అని కలుపుచు పోయి, తుదకు 78 అని విద్యార్థులు చెప్పుదురు. కొందఱు తప్పుదురు, మరల కలుపుదురు. ఆ విసుగు వారికి మేలు చేయును. ఆ విసుగు పుట్టిన తరువాతనే నేను, "ఇట్టి కుప్పనే మఱియొకటి తలక్రిందుగా దీని ప్రక్కన పెట్టుదము" అందును. అప్పుడు 12 ఉన్న వరుసకు 1, 11 ఉన్న వరుసకు 2 చేరును. ప్రతి వరుసయు 13 అగును. వరుసలు 12. మొత్తము 156, అందు సగము 78. ఇంతకు ముందు పదునొకండు కూడికలు కావలసినచోట నొక గుణకారమును, ఒక భాగహారమును చాలినవి.

జర్మను దేశీయుడైన గౌస్ (1777–1855) బాలుడై బడిలో నుండగా, ఉపాధ్యాయుడిచ్చిన పెద్ద కూడికను చూచిన వెంటనే ముగించి, పలకను బల్లపై నుంచెనని యొక ప్రసిద్ధమైన కథ కలదు. 1 మొదలు 100 వఱకు గల సంఖ్యలను కలుపుమన్నారని నేడందఱును చెప్పుచుందురు. 1856లో వెలువడిన యతని జీవితచరిత్రములో నీ కథ యున్నది గాని, సంఖ్య లేవియో చెప్పబడలేదు. ఏ సంఖ్యలైనను నుపాయ మొక్కటియే. 1తో 100, 2తో 99, 3తో 98 జత కట్టినచో, 101 చొప్పున 50 జతలు వచ్చును. మొత్తము 5,050.

మఱియొక యుదాహరణము. ఇందులకు చింతపిక్కలు చాలును. ఒక పిక్కను నేలపై పెట్టుడు. దాని కుడిప్రక్కను, క్రిందిప్రక్కను, మూలను కలిపి 3 పిక్కలు చేర్చుడు. రెండేసి పిక్కల చదరమగును. అటులనే మరల రెండు ప్రక్కల నంచు గట్టినట్లు 5 చేర్చుడు. మూడేసి పిక్కల చదరమగును. తరువాత 7, ఆ తరువాత 9. బేసి సంఖ్యలను 1 మొదలుకొని వరుసగా కలుపుచు పోయిన కొలదియు చదరములే వచ్చుచుండును. మొదటి 10 బేసి సంఖ్యల మొత్తము 10ని 10చే గుణించినంత, అనగా 100. ఇట్లేల యగుచున్నదో నేను చెప్పనక్కఱలేదు; పిక్కలే చెప్పుచున్నవి.

ఈ పని యైన పిమ్మటనే సిగ్మాను బల్లపై వ్రాయుదును. కూడికను తెలుపుటకు స్విట్జర్లండు దేశమున బుట్టిన ఆయిలర్ 1755లో తన గ్రంథమున ఈ యక్షరమును వాడెను. ఆ గుఱుతును చూచిన విద్యార్థి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎచట మొదలిడవలెను? ఎచట నిలువవలెను? ఏమి కలుపవలెను? మొదటి దానికి ఉత్తరము గుఱుతు క్రిందను, రెండవ దానికి పైనను, మూడవ దానికి ప్రక్కనను వ్రాయబడి యుండును. క్రింద "క = 1", పైన "12", ప్రక్కన "క" అని యున్నచో, అది మన కుమ్మరి కుప్పయే. పైన "10", ప్రక్కన "2క − 1" అని యున్నచో, అవి మన చింతపిక్కలు. కకు బదులు 1 ఉంచిన 1, 2 ఉంచిన 3, 10 ఉంచిన 19 వచ్చును. మూట విప్పబడినది, లోపల తెలిసిన వస్తువులే యున్నవి.

రెండవ గుఱుతునకు మన పాఠ్యపుస్తకములలో క్రమగుణితమని పేరు. ఒక బల్లపై ముగ్గురు విద్యార్థులు కూర్చుండవలెను. ఎన్ని విధముల కూర్చుండగలరు? మొదటి చోట ముగ్గురిలో నెవరైనను కూర్చుండవచ్చును; రెండవ చోటికి మిగిలినవా రిద్దఱు; మూడవ చోటికి ఒక్కరే. 3ను 2చే, దానిని 1చే గుణించిన 6 వచ్చును. నలుగురైనచో 24, ఐదుగురైనచో 120. పదిమంది యైనచో 36,28,800 విధములు. క్షణమున కొక విధము చొప్పున, రాత్రింబవళ్లు విశ్రాంతి లేక వారు చోట్లు మార్చుకొనుచుండిరేని, దినమునకు 86,400 విధములు తీఱును. అన్నియు తీఱుటకు సరిగా 42 దినములు, అనగా ఆరు వారములు పట్టును. ఒక్క క్షణమైనను మిగులదు, తఱుగదు. విద్యార్థులకు ఈ లెక్క మిక్కిలి ప్రీతి. లీలావతిలోని అంకపాశ ప్రకరణమున, పది చేతులలో పది వస్తువులను మార్చి మార్చి ధరించు విధము లెన్ని యను ప్రశ్నకు భాస్కరాచార్యుడిచ్చిన యుత్తరమును ఇదియే. ఇట్టి గుణకారమును మాటిమాటికి పొడుగుగా వ్రాయుట కష్టము గనుక, స్ట్రాస్‌బర్గ్ నగరమువాడైన క్రాంప్ 1808లో సంఖ్య ప్రక్కన ఆశ్చర్యార్థక చిహ్నమును పెట్టుట మొదలిడెను. 10! అని వ్రాసిన చాలును.

"0! ఎంత?" అని యడిగినచో, సున్న యనియే తరగతి యంతయు పలుకును. అప్పుడు మెట్లు దిగి చూడవలెను. 4! అనగా 24. దానిని 4చే భాగించిన 3!, అనగా 6. దానిని 3చే భాగించిన 2!, అనగా 2. దానిని 2చే భాగించిన 1!, అనగా 1. దానిని 1చే భాగించిన 0!; అదియు 1 యే. నియమము చెడకుండవలెనన్నచో వేఱొక విలువకు చోటులేదు.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. నియమమును కనుగొనుట వేఱు, ఊహించుట వేఱు. కొన్ని యేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో నీ ప్రశ్న నిచ్చితిని. ఒక వృత్తముపై కొన్ని బిందువులు పెట్టి, ప్రతి రెండు బిందువులను సరళరేఖతో కలుపవలెను. వృత్తము ఎన్ని భాగములగును? ఒక బిందువైన 1, రెండైన 2, మూడైన 4, నాలుగైన 8, ఐదైన 16. ఆరైన నెన్ని? "32" అని తరగతి యేకకంఠముతో పలికెను. "గీచి చూడుడు" అంటిని. పెక్కుమంది గీయకయే 32 అని వ్రాసిరి. కొందఱు బిందువులను సమాన దూరమున పెట్టి గీయగా 30 మాత్రమే వచ్చెను. మధ్య మూడు రేఖలు ఒక్కచోటనే కలిసికొని, ఒక చిన్న త్రిభుజమును మ్రింగివేసినవి. వెనుక బల్లపై కూర్చున్న యొక బాలిక మాత్రము 31 అని చెప్పెను. ఒకటి లెక్క తప్పినదని తోడివారు నవ్విరి. ఆమె మాఱు పలుకక పెద్ద వృత్తము గీచి, ప్రతి భాగమునందును సంఖ్య వేసికొనుచు వచ్చెను. మరల 31 యే.

అదియే సరియైన యుత్తరము. వృత్తములో గీచిన ప్రతి రేఖయు ఒక భాగమును పెంచును. రేఖలు లోపల ఖండించుకొనిన ప్రతి చోటును మఱియొక భాగమును పెంచును. మొదట ఉన్నది 1. ఐదు బిందువులకు రేఖలు 10, ఖండనములు 5, మొత్తము 16. ఆరు బిందువులకు రేఖలు 15, మూడు రేఖ లొకచోట కలియనిచో ఖండనములు 15, మొత్తము 31. ఏడు బిందువులకు 57. మొదటి ఐదు పదములు రెట్టింపగుచు వచ్చినవి గాని, రెట్టింపగుట వాని నియమము కాదు.

ఆ బాలికకు అంతకు ముందు రెండు పరీక్షలలో గణితమున మిక్కిలి తక్కువ మార్కులు వచ్చి యుండెను. పదవ తరగతితో చదువు మాన్పింప వలెనని యింటిలో తలచుచుండిరి. తాపీ పని చేయు ఆమె తండ్రి ఆ నెలలోనే యా మాట చెప్పుటకు నాయొద్దకు వచ్చెను. నేనాయనతో వాదింపలేదు. ఆ కాగితమును చేతికిచ్చి, "ఇవి యెన్ని భాగములో మీరే లెక్కింపుడు, తరగతి యంతయు 32 అన్నది" అంటిని. ఆయన జేబులోని పెన్సిలు తీసి, ఒక్కొక్క భాగముపై చుక్క పెట్టుచు మెల్లగా లెక్కించెను. "31 యే కదా, మాస్టరుగారూ" అనెను. "అందఱు నవ్వుచుండగా ఆ మాట విడువనిది మీ బిడ్డ" అంటిని. ఆయన కాగితమును మడిచి జేబులో పెట్టుకొని వెడలిపోయెను. ఆ బాలిక ఆ యేట గణితమున ప్రథమురాలు కాలేదు, ఉత్తీర్ణురాలు మాత్రమయ్యెను. అయినను పదవ తరగతి ముగించి, ఇంటర్మీడియటున గణితమునే కోరుకొనెను.

తలిదండ్రులకును, తోడి యుపాధ్యాయులకును నేను మనవి చేయునది యిదియే. ఐదు పదములు చూచి యాఱవ పదమును నిశ్చయింపరాదని వృత్తము నేర్పుచున్నది. రెండు పరీక్షల మార్కులు చూచి బిడ్డ భవిష్యత్తును నిశ్చయించుట అంతకంటె తొందరపాటు. తక్కువ మార్కులు వచ్చిన బిడ్డను, "ఏల రాలేదు?" అని గద్దించుటకు బదులు, చింతపిక్కలు ముందు పెట్టి, "నీకు తెలిసినది నాకు చూపుము" అని యడిగి చూడుడు.

విద్యార్థులారా, సిగ్మా కనబడినప్పుడు కలము క్రింద పెట్టకుడు. మొదటి మూడు పదములను, చివరి పదమును విడివిడిగా వ్రాయుడు. భయము సగము తీఱును. వేసవి సెలవులకొక చిన్న పని యిచ్చుచున్నాను. 1, 8, 27, 64 అను ఘనములను వరుసగా కలుపుచు పొండు. మొత్తములు 1, 9, 36, 100 వచ్చును. ఇవి యెట్టి సంఖ్యలో, మన కుమ్మరి కుప్పకును వీనికిని గల చుట్టఱిక మేమో వెదకుడు. దొరకిన వెంటనే నియమమును నమ్మకుడు. కారణము దొరకువఱకు పిక్కలను విడువకుడు.