పసుపు బండికి ఏ పైపు?

మాఘమాసం వచ్చిందంటే ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో గాలికి కూడా పసుపు వాసనే! ఒకపక్క దుంపల్ని ఉడకబెట్టే బాయిలర్ల ఆవిరి, ఇంకోపక్క కల్లాల్లో పరిచిన కొమ్ములు. ఊరిని ఆనుకుని, ఎవరో రాళ్లు ఏరి పేర్చినట్టుండే నవనాథ సిద్ధుల గుట్ట. చూడాలంటే ఆ రోజుల్లోనే చూడాలి ఆర్మూరును.

అలాంటి రోజుల్లోనే ఒకసారి బాల్కొండ వైపున్న మా బావ వాళ్ల ఊరికి వెళ్లాను. ‘పొద్దుగాల నిజామాబాద్ యార్డుకు పసుపు తోలుతున్న, వస్తవా?’ అన్నాడు. వేలం చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. చీకటితోనే బయల్దేరాం. బొలేరో ట్రాలీ నిండా గోనెసంచులు. వానాకాలం మొదట్లో నాటిన పంట అది. ఎనిమిది, తొమ్మిది నెలలు కాపాడి, తవ్వి, ఉడకబెట్టి, రెండు వారాలు ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగుపెడితే... నాలుగైదు క్వింటాళ్ల పచ్చిపసుపు ఒక్క క్వింటాలు ఎండుపసుపు అవుతుంది. ఖరీదుదార్లు రాశులు చూసే వేళకు సరుకు యార్డులో లేకపోతే ఆ రోజుకు అంతే సంగతులు.

ఖాళీగా ఉంది కదా అని...

ఆర్మూరు రెండు పెద్ద రహదారులు కలిసే చోటు. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబరు రోడ్డు ఒకటి. పెద్దవాళ్లకు ఇప్పటికీ అది ‘ఏడో నంబరు’ రోడ్డే. నిజామాబాద్ నుంచి మెట్‌పల్లి, జగిత్యాల మీదుగా జగ్‌దల్‌పూర్ దిక్కు పోయేది 63వ నంబరు. పగలూ రాత్రీ లారీలు తిరిగే దారులు కాబట్టి, హైవే బంకుల్లో పెద్ద బండ్లకు విడిగా లైను ఉండటం మామూలే.

మేమూ అలాంటి బంకులోకే మలిగాం. చిన్న బండ్ల లైన్లో అయిదారు ఆటోలున్నాయి. లారీల వైపు ఒక్క బండీ లేదు.

‘బావా, అది లారీలది గదా?’ అన్నాను.

‘డీజిలే గదా... ఏ పైపుల నుంచి వస్తేంది?’ అంటూ బండిని అటు తిప్పేశాడు.

నాజిల్ చూస్తే నా మణికట్టంత లావుంది. ట్రాలీ ట్యాంకు మూతిలోకి అది దిగదే! కుర్రాడు దాన్ని అంచు మీదే ఆనించి మీట నొక్కాడు. బుస్సున నురగ పొంగింది. ‘టక్’మని ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ టక్. నాలుగోసారి పైపు పక్కకు లాగుతూ మీట వదలడం మరిచాడు. అంతే! చిమ్మిన డీజిల్‌కు ట్రాలీ అంచు దాటి పొడుచుకొచ్చిన సంచి ఒకటి అడుగున తడిసింది.

‘ఏం గాదన్నా, ఎండకు ఎగిరిపోతది’ అన్నాడు కుర్రాడు. బావ మాట్లాడలేదు.

మూడు రకాల మూతులు

ఆ తర్వాత తెలిసినవాళ్లను అడిగితే సంగతి బోధపడింది. ప్రపంచంలో ఎక్కువచోట్ల పెట్రోలు నాజిల్ కొస సుమారు 21 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. కార్లు, పికప్పులకు పోసే డీజిల్ నాజిల్ 24, 25 మిల్లీమీటర్లు. లారీలు, బస్సులకు పోసే పెద్ద నాజిల్ 30 మిల్లీమీటర్లకు అటూఇటూ.

ఈ తేడా వెనక ఓ చరిత్ర ఉంది. సీసం లేని పెట్రోలు 1970లలో అమెరికాలో వచ్చినప్పుడు, కొత్త కార్లలో పొరపాటున పాత పెట్రోలు పోయకుండా కార్ల ట్యాంకు మూతినీ, నాజిల్‌నూ సన్నం చేశారు. మన దగ్గర సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాల్లో మొదలై, 2000 నాటికి దేశమంతా వచ్చింది.

ఇక్కడో తిరకాసుంది. లావుపాటి డీజిల్ నాజిల్ పెట్రోలు కారు మూతిలో పట్టదు. కానీ సన్నటి పెట్రోలు నాజిల్ డీజిల్ బండిలోకి సులువుగా దూరిపోతుంది! పైగా మన బంకుల్లో డీజిల్‌కూ సన్న నాజిళ్లు కనిపిస్తుంటాయి. అందుకే సైజును నమ్ముకోకూడదు. ‘డీజిల్’ అని గట్టిగా చెప్పి, మిషన్ మీద పేరు చూసుకోవాలి. డీజిల్ ఇంజిన్‌లో పంపు అరిగిపోకుండా డీజిలే నూనెలా కాపాడుతుంది. పెట్రోలుకు ఆ జిడ్డు ఉండదు. పొరపాటున పోస్తే తాళం తిప్పకూడదు. బండిని నెట్టి పక్కన పెట్టి, ట్యాంకు ఖాళీ చేయించాలి.

కొసన చిన్న కన్ను

మరి ఆ ‘టక్’ ఏమిటి? నాజిల్ కొస దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. అది గాలి పీలుస్తూ ఉంటుంది. ట్యాంకు నిండి ఆ రంధ్రం మునిగితే గాలి ఆడదు. లోపలి పొర లాగినట్టయి మీట ఊడిపోతుంది. దానికి నిజంగా నిండిందా, నురగ వచ్చిందా అన్న తేడా తెలియదు. లోపలికి డీజిల్ పోతుంటే గాలి బయటికి రావాలి కదా! పికప్ ట్యాంకు సన్నటి గొట్టంలోంచి ఆ గాలి నిదానంగా వస్తుంది. పైనుంచి పెద్ద ధార పడితే ఊపిరాడక నురగ కక్కుతుంది.

పోనీ, పెద్ద పైపుతో ఎంత సమయం మిగిలేది? మామూలు పైపు నిమిషానికి 40 లీటర్ల వరకు పోస్తుంది. పెద్దది దాదాపు రెట్టింపు. 300 లీటర్లు పట్టే లారీకి దాంతో మూడున్నర నిమిషాలు కలిసొస్తాయి. 50 లీటర్ల పికప్‌కు? నలభై సెకన్లు!

‘సన్న పైపుతో పోస్తే ఎక్కువ వస్తుంది’ అని నమ్మేవాళ్లూ ఉన్నారు. కొలిచేది నాజిల్ కాదు, మిషన్ లోపలి మీటరు. అనుమానముంటే ప్రతి బంకులోనూ ఉండాల్సిన అయిదు లీటర్ల ముద్ర కొలతతో చూపించమని అడగొచ్చు. 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు.

రాశి పోసే ముందు...

నిజామాబాద్ యార్డు ఒక పసుపు లోకం. కాడి ఒకపక్క, గోళ ఒకపక్క. ఆన్‌లైన్ వేలం కోసం 2016లో దేశంలో మొదట ఈ-నామ్‌లో చేరిన మార్కెట్లలో ఇదీ ఒకటి. కంప్యూటర్‌లో ధర వేసినా, ముందు మాత్రం గుప్పెడు తీసి విరిచి, వాసన చూడాల్సిందే.

ఈ గుప్పెడు కోసమే ఈ రైతులు ఎన్ని పాట్లు పడ్డారని! మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా సరుకు తోలారు. పసుపు బోర్డు కావాలంటూ 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు నిజామాబాద్ నుంచి నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. చివరికి 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఈ నిజామాబాద్‌లోనే మొదలైంది.

రాశి పోయబోతూ బావ తడిసిన సంచి విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పసుపు వాసన కాదు, డీజిల్ కంపు.

‘పైపైది తీసి కలిపెయ్, ఎవరికి తెలుస్తది?’ అన్నాడు పక్క రాశి ఆయన.

‘తినేటోనికి తెలుస్తది’ అన్నాడు బావ. సంచి మూతి కట్టి తిరిగి బండిలో వేశాడు. మిగతా రాశి మంచి ధరకే పోయింది.

వచ్చేటప్పుడు అంకాపూర్‌లో ఆగి నాటుకోడి కూర తిన్నాం. ఆర్మూరు దాటాక మళ్లీ బంకు. పొద్దున పూర్తిగా నిండలేదు కదా! ఈసారీ లారీల వైపు ఖాళీయే. చిన్న లైన్లో ముందు ఏడు ఆటోలు.

నేను అటు చూడగానే బావ ఇంజిన్ ఆపేశాడు. వెనకున్న సంచిని చూపించి అన్నాడు:

‘నలభై సెకన్లకు గంత ఖరీదా! కూసో, లైను కదులుతది.’